నెగటివ్ లేని ఫోటో

గోదావరిఖనిలో స్లైడంటే టాకీసులో ఆట మొదలు కాకముందు తెర మీద వేసే దుకాణాల బొమ్మే. చీరల దుకాణం, చెప్పుల దుకాణం, మొలల డాక్టరు. గాజు పలకల మీద అక్షరాలు రాసి రంగులద్దే ఆ పని ఖైజర్‌ది. మా తమ్ముడు ముత్యంతో కలిసి బడికి పోయినవాడు, నా చేతి అన్నం తిని పెరిగినవాడు. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు, దుకాణాలకు స్లైడ్లు రాస్తాడు, మిగిలిన పొద్దంతా కెమెరా మెడకేసుకుని బొగ్గు బండ్ల వెంట తిరుగుతాడు. అది కూడు పెట్టే పిచ్చి కాదు. అయినా పిచ్చికి మందెక్కడుంది?

అందుకే ఒకనాడు వాడు మా క్వార్టర్ గడప మీద కూర్చుని, "అక్కా, ఇగ నేను రైళ్లను స్లైడు మీదనే తీస్త" అంటే, "ఏ దుకాణానికిరా?" అన్నాను.

"గా స్లైడు కాదక్కా. ఇది ఫిల్మే. కడిగినంక ఫిల్ము మీదనే అసలు రంగులు వస్తయి. నెగటివ్ ఉండది, కాయితం ఉండది. వెలుతురుకు పెట్టి చూసుడే."

"బొగ్గు బండికి రంగులెందుకురా? బొగ్గు నలుపు, వ్యాగను నలుపు, నింపేటోడు నలుపు."

"నలుపు ఒక్కతీరు ఉండదక్కా. పొద్దుగాల ఎండ పడ్తే బొగ్గు నీలం కొడ్తది. ప్రింటేసేటోడు దాన్ని బూడిద చేస్తడు. స్లైడుల ఎవ్వడు ఏలు పెట్టలేడు."

ఆ ఫిల్మును హైదరాబాద్ నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించేవాడు. రామగుండం ఎండకు చెడిపోతుందని వాళ్ల అమ్మ రబియా బీ ఫ్రిజ్‌లో, కోడికూర గిన్నె పక్కన దాచేవాడు. ఆమె రోజూ తిట్టేది. పెళ్లి చేసుకోరా అంటే రైలును చేసుకున్నాడని మా గల్లీలో చెప్పి నవ్వేది.

వాడికి రెండు కెమెరాలు. చిన్నది పెళ్లిళ్లకు వాడేది. దాంట్లో ఫిల్ము సన్నగా ఉంటుంది, ఫోటోలు ఎక్కువ వస్తాయి, పరుగెత్తే బండిని టకటకా పట్టేయొచ్చు. రెండోది రెండు కళ్ల పాత పెట్టె కెమెరా. తలొంచి పైనుంచి చూడాలి. అందులో ఫిల్ము వెడల్పు, చుట్టకు పన్నెండే ఫోటోలు. బండి ఎదురొచ్చేసరికి ఒక్కసారి నొక్కామా, అంతే సంగతులు. రైళ్లకు చిన్నది మేలా, పెద్దది మేలా అన్నదే వాడి జీవన్మరణ సమస్య. హైదరాబాద్‌లో రైళ్ల పిచ్చోళ్లు కొందరున్నారట. అందరూ ఒకచోట చేరి గోడ మీద స్లైడ్లు వేసుకుని చూసుకుంటారట. వాళ్ల మిషన్లో చిన్న ఫిల్మే పడుతుంది. వాళ్లకు తన బొగ్గు బండ్లు చూపించాలని వీడి ఆశ. కానీ పెద్ద ఫిల్ములో ఉన్న సొగసు చిన్నదాంట్లో లేదని బాధ. ఈ రామాయణమంతా నేను కూర తరుగుతూ వినేదాన్ని.

ఇక ముత్యం సంగతి. కాలేజీ మధ్యలో ఉండగా అన్నల వెంట అడవికి పోయాడు. ఏడాది తిరగకుండానే కామెర్లతో సగం మనిషై తిరిగొచ్చాడు. పోయినవాడు ఒక్కడే, వాడి కోసం మా ఇంటికి వచ్చినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది. పోలీసులు మనిషిని అడిగింది తక్కువ. ఫోటో అడిగేవాళ్లు. ఫోటో దొరికితే చాలు, పట్టుబడ్డ ప్రతివాడి ముందూ దాన్ని పెట్టి "వీడు మీతోని ఉండెనా?" అంటారు. దెబ్బలకు ఓర్వలేక ఎవడో ఒకడు తలూపుతాడు. ఆ తలూపుడుతో ఎన్ని కొంపలు మునిగాయో మా వాడకట్టులో అందరికీ తెలుసు.

మమ్మల్ని కన్న మా అవ్వ సారవ్వ బడి మొహం చూడలేదు గానీ ఈ లెక్క అందరికంటే ముందు అర్థం చేసుకుంది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ పాత చీరలో మూటగట్టి, అందులో రోకలిబండంత రాయి పెట్టి, గోదావరిలో వేసి వచ్చింది. నా పెళ్లి ఫోటో ఒక్కదాన్ని నేను ఏడ్చి ఆపుకున్నాను. దానికి కత్తెర పట్టింది. నా పక్కన తమ్ముడు నిలబడ్డ చోట ఇప్పటికీ కంతే. పోలీసు సారొకడు ఆ కంత మీద వేలు పెట్టి ఇదేందని గద్దిస్తే, "ఎలుకలు కొట్టినయి సారూ" అంది. మనిషి ఆకారం మేరకు మట్టసంగా కొరికే ఎలుకలు లోకంలో మా ఇంట్లోనే ఉన్నాయి.

తిరిగొచ్చాక ముత్యం లొంగిపోనూ లేదు, పేపర్లకు ఎక్కనూ లేదు. చుట్టాల ఇళ్లలో దాక్కుని, పోలీసుల వేడి తగ్గాక మా దగ్గరికి చేరాడు. రైలు బండ్లకు బొగ్గు నింపే సైడింగులో కాంట్రాక్టు కింద పని దొరికింది. ఒక వ్యాగను నిండగానే పచ్చజెండా ఊపి బండిని ముందుకు జరిపించాలి. అంత వరకే. కానీ కెమెరా కనబడితే వాడి మొహం పక్కకు తిరిగిపోయేది. ఓటు కార్డు ఫోటోకు పిలిస్తే పోలేదు. నా బిడ్డ పుట్టినరోజున అందరూ గుంపుగా నిలబడితే, నీళ్లు తాగి వస్తానని పోయి ఫోటో అయిపోయాకే వచ్చాడు. ఏళ్లు గడిచినా భయం వాడి ఒంట్లోంచి పోలేదు. మా అవ్వ పోనివ్వలేదు కూడా.

ఆ చలికాలం ఖైజర్ వాడి వెంటబడ్డాడు. పొద్దుటి ఎండలో సైడింగులో బండి ఫోటో తీయాలట, దాని పక్కన జెండా పట్టుకుని మనిషి ఉండాలట.

"బండి ఫోటోరా ముత్యం, నీది కాదు."

"నా మొకం వస్తదా, రాదా?"

"వస్తది."

"గట్లయితే వద్దు."

నాలుగు రోజులు ఇదే పాట. ఐదో రోజు నేను రొట్టెలు కాలుస్తుంటే ముత్యం వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. "అక్కా, నేను వోతే అవ్వకు సూసుకునేతందుకు ఒక్క ఫోటో లేదు గదనే" అన్నాడు. "ఎక్కడికి పోతవురా? నోర్మూసుకో" అని కసిరాను. వాడు నోరు మూసుకోలేదు, లేచి ఖైజర్ దగ్గరికి పోయాడు.

"నెగటివ్ ఉండది అంటివి కదా?"

"ఉండది."

"కాపీలు తీసుడు?"

"ఈ జిల్లాల ఎవ్వనితోని కాదు."

"హైదరాబాదోల్లు గోడ మీద ఏసుకుంటరంటివి?"

"వాళ్ల మిషన్ల చిన్నదే వడ్తది. పెద్ద ఫిల్ము వట్టది."

ముత్యం లెక్క తేల్చుకున్నాడు. "అయితే పెద్దదాంట్ల తియ్యి. ఒక్కటే తియ్యి. తీసి అవ్వకియ్యి. ఇంకెవ్వలకు సూపియ్యద్దు."

ఖైజర్ చిన్న కెమెరాలో తీసి హైదరాబాద్ వాళ్లకు చూపిద్దామని ముచ్చటపడ్డాడు. అలాంటి బండి, అలాంటి ఎండ, అలాంటి మనిషి మళ్లీ దొరకరని వాడికి తెలుసు. అయినా మారు మాట్లాడకుండా పెద్ద కెమెరా భుజానికి వేసుకున్నాడు. స్నేహితుడి కోసం తన ముచ్చట చంపుకున్నాడు. వాడి మీద నాకు ఎంత కోపం ఉన్నా ఈ మాట ఒప్పుకుని తీరాలి.

ఆ విధంగా మా తమ్ముడు తన ఫోటోకు ఫిల్మును తానే ఎంచుకున్నాడు. నెగటివ్ లేనిది, కాపీ రానిది, ఏ మిషన్లోనూ పట్టనిది. లోకంలో ఎవరైనా ఫోటో పదిమందికి కనబడాలని తీయించుకుంటారు. మావాడు కనబడకూడదని తీయించుకున్నాడు.

ఫిల్ము కడిగించుకుని వచ్చిన రోజు ఖైజర్ మా వంటింటి కిటికీకి దాన్ని ఆనించి పట్టుకున్నాడు. అరచేతిలో సగం కూడా లేని చదరపు ముక్క. అందులో డీజిల్ ఇంజను, దాని వెనక వ్యాగన్లు, బొగ్గు మీద నిజంగానే నీలం. ఒక పక్కన ముత్యం. జెండా పైకెత్తి, తిన్నగా మన వైపే చూస్తున్నాడు. పెద్దయ్యాక వాడు అంత నిటారుగా నిలబడగా నేను చూడలేదు. ఖైజర్ భుజం మీద ఒక్కటి వేసి, "మంచిగనే తీసినవు తియ్యి" అన్నాను.

అవ్వ కూడా కిటికీ దగ్గరికి వచ్చింది. రెండు కళ్లకూ శుక్లాలు. దవాఖానకు పోదామంటే రేపు మాపు అని జరిపేది. ఆ ముక్కను కంటికి ఎంత దగ్గర పెట్టుకున్నా ఆమెకు రంగులు తప్ప మనిషి కనబడలేదు. అయినా ఎవరినీ ముట్టనివ్వకుండా గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో అడుగున దాచింది.

మే నెలలో ముత్యానికి వడదెబ్బ తగిలింది. సైడింగులో బండి పక్కనే పడిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట లేదు. సాయంత్రానికి అయిపోయాడు. అడవి చంపలేదు, పోలీసులు చంపలేదు, ఎండ చంపింది. ఇంత దాక్కున్నది దీనికా అని నేను తల బాదుకున్నాను.

చుట్టాలందరిదీ ఒకే మాట. పెద్దకర్మ నాటికి ఫోటో పెట్టాలె, దండ వెయ్యాలె, దీపం ముట్టియ్యాలె. ఫోటో ఏదని నన్ను అడుగుతారు. నేను అవ్వను చూస్తాను. అవ్వ బియ్యం డబ్బా మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది.

ఖైజర్ ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాడు. "హైదరాబాద్‌ల ఒక ల్యాబున్నదక్కా. స్లైడును చూసి ముందుగాల దానికి నెగటివ్ చేస్తరు, దాంతోని ప్రింటేస్తరు. నేనే పట్టుకపోయి, దగ్గరుండి చేపిచ్చుకొస్త" అన్నాడు.

నెగటివ్ అన్న మాట చెవిన పడగానే అవ్వ ఉలిక్కిపడింది. "నెగటివ్ నాకద్దు. ఆడొద్దన్నడు."

"అవ్వా, ఆడు సచ్చిపోయిండే! ఇంకేం భయం?" అన్నాను.

"నీకేం ఎర్క? ఒక్కటి పదైతది. పది ఊరంత తిర్గుతయి. ఇంట్ల మీరున్నరు, అల్లుడున్నడు, పిల్లలున్నరు."

రెండు రోజులు పోట్లాడాను. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. తమ్ముడి మొహం గోడ మీద లేకపోతే రేపు నా పిల్లలకు మేనమామ ఉన్నాడని ఏం చూపించాలి? పెళ్లి ఫోటోలో కంత చూపించాలా? చివరకు అవ్వ మెత్తబడింది. "నా కండ్లకు ఆని మొకం ఒక్కపారి కనవడాలె. కండ్ల నిండ సూసుకుంట. ఆయెన్క పట్టుకపోన్రి, మీ ఇష్టం."

ఆ చిన్న ముక్కలోంచి శుక్లాల కళ్లకు మొహం ఎలా కనబడుతుంది? దారి ఖైజర్‌కే తోచింది. వాడు రాసే గాజు స్లైడ్లు వేసే మిషను టాకీసులో ఉంది. దాని సందు పెద్దది. రెండు గాజు పలకల మధ్య ఈ ఫిల్ము పెట్టి, చుట్టూ నల్ల కాగితం అంటిస్తే అందులో పడుతుంది. తెర మీద వేస్తే ముత్యం మేడంత కనబడతాడు. అటు నుంచి అటే ఆ ముక్క తీసుకుని హైదరాబాద్ బస్సెక్కుతాడు. నాకు పానం లేచొచ్చింది.

టాకీసు ఆపరేటర్ నర్సింగం మంచివాడు. ఉదయం ఆట కంటే ముందు రమ్మన్నాడు. మా ఆయన రఘుపతి మొదటి షిఫ్టుకు పోయాడు. నేనూ అవ్వా ఖైజరూ, ముత్యంతో సైడింగులో పనిచేసినవాళ్లు కొందరూ వెళ్లాం. ఖైజర్ భుజానికి ప్రయాణం సంచి కూడా ఉంది.

పైన క్యాబిన్‌లోకి ఎక్కేముందు నర్సింగం మా ముందే ఖైజర్‌కు చెప్పాడు. "మిషన్ల పంకా చెడిపోయి శానొద్దులాయె. ఓనరు బాగు చేపియ్యడు. నీ గాజు స్లైడ్లకు ఏం గాదు గని, ఇది ఫిల్ము, బల్బు యేడికి ఆగది. పది లెక్కవెడ్త, తీసేస్త. సల్లారినంక మల్ల ఏస్త."

"అట్లనే అన్నా. పది దాటనియ్యకు" అన్నాడు ఖైజర్. ఇద్దరూ పైకి పోయారు. అంటే తెలియక చేసింది కాదు. అందరికీ అన్నీ తెలుసు.

లైట్లు ఆరాయి. అంత వెడల్పు తెర మధ్యలో చదరంగా బొమ్మ పడింది. ఇంజను, వ్యాగన్లు, నీలం బొగ్గు, ముత్యం. వాడి చొక్కా రెండో గుండీ ఊడి ఉంది. కుట్టమని నన్ను అడిగాడు, నేను కుట్టలేదు. సైడింగు వాళ్లలో ఒకాయన "అరే ముత్యం" అన్నాడు, ఎదురుగా నిలబడ్డవాణ్ణి పలకరించినట్టే.

"ఏడున్నడే? ఏడున్నడు?" అని అవ్వ నా చెయ్యి గుంజుతోంది. జెండా పక్కన చూడమన్నాను. ఆమె తల తిప్పేలోగా పది అంకెలైపోయాయి. బొమ్మ పోయింది.

రెండోసారి వేసేసరికి అవ్వ కుర్చీలోంచి లేచింది. దగ్గరికి పోతే తప్ప కనబడదని కుర్చీల మధ్య దారిలో తెర వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. మేము వేదిక మెట్లెక్కుతుండగానే మళ్లీ చీకటి.

మూడోసారి వెలిగేసరికి అవ్వ తెర ముందే నిలబడి ఉంది. ముత్యం బూట్లు ఆమె తల ఎత్తులో ఉన్నాయి. తల పైకెత్తి చూసింది. అంత మొహం, అంత కళ్లు. శుక్లాలు కూడా ఆపలేనంత పెద్దగా ఉన్నాడు మా తమ్ముడు. "అగో, నా కొడుకు" అంది. రెండు చేతులూ తెరకు ఆనించి, బూట్లు తడిమింది. "ఏం సక్కగ నిలవడ్డడే. బుక్కెడంత మొకం ఎట్ల నిండింది సూడు." నేను ఆమె నడుం పట్టుకుని ఏడుస్తున్నాను.

పైన నర్సింగం లెక్క అయిపోవచ్చి ఉంటుంది. అవ్వకు తెలిసింది. వెనక్కి తిరిగి, ఆ వెలుతురు మీద పడి కళ్లు బైర్లు కమ్మినా, క్యాబిన్ కంత వైపు రెండు చేతులూ జోడించింది. "బిడ్డా ఖైజరూ! తియ్యకు బిడ్డా. ఇంకింత సేపు. నీ కాల్మొక్త, తియ్యకు."

తర్వాత నర్సింగం చెప్పాడు. "నేను తియ్యబోతే ఖైజర్ నా చెయ్యి పట్టుకుండు, ఇంకో రెండు లెక్కల్దాక ఆగన్న అన్నడు, ఇంకో రెండు అన్నడు." కన్నతల్లి దండం పెడుతుంటే ఎవడు ఆపగలడు? నేనైతే ఆపేదాన్ని. నేను గట్టిదాన్ని. కానీ నేను కింద ఉన్నాను.

ముందు ఇంజను మధ్యలో గోధుమరంగు మచ్చ లేచింది. దుమ్మేమో అనుకున్నాను. మచ్చ నడుమ బుడగలొచ్చాయి. అంచులు ముడుచుకుంటూ పక్కకు పాకింది. వ్యాగన్లు కరిగాయి, నీలం కరిగింది. "తియ్యిర్రి! కాలుతాంది, తియ్యిర్రి!" అని అరిచాను. జెండా పోయింది. వాడి భుజం, మెడ, మొహం. చివరికి కళ్లు. అంతా తెల్లబడింది. ఆ తెలుపులో తెర మీద మా ఇద్దరి నీడలే మిగిలాయి.

ఖైజర్ దిగి వచ్చాడు. కాలిన గాజు పలకలు తువ్వాలలో పట్టుకున్నాడు, వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. అవ్వ కాళ్ల దగ్గర కూలబడి, "అవ్వా, నన్ను కొట్టు. సంపెయ్ అవ్వా" అని నేలకు తల కొట్టుకున్నాడు. నేను నిజంగానే చెయ్యెత్తాను. వాడి వీపు మీద పిడిగుద్దులు గుద్దాను. పది దాటనియ్యకన్నది నువ్వే కదరా, పైన ఉన్నది నువ్వే కదరా అని అరిచాను. వాడు తప్పించుకోలేదు.

అవ్వ నన్ను పక్కకు నెట్టింది. కిందికి వంగి, ఖైజర్ తల మీద చెయ్యి వేసింది.

"ఏడువకు బిడ్డా. ఇది గాక ఇంకోటి లేదు గదా?"

"లేదవ్వా. ఒక్కటే."

"ఆ పెద్ద కెమెరాల ఏమన్న మిగిలిందా?"

"ఏం లేదవ్వా."

"హైదరాబాదోల్ల తాన?"

"లేదు. ఎవ్వల తాన లేదు."

అవ్వ చాలా సేపటి నుంచి బిగపట్టిన ఊపిరి వదిలినట్టు నేల మీద కూర్చుంది. "మంచిదే అయింది. నేను సూసుకున్న, సాలు. ఇగ ఆన్ని ఎవ్వడు గుర్తువట్టడు" అంది.

నేను చెయ్యి దింపాను. ముత్యం చచ్చి వారం దాటింది. మా అవ్వ వాణ్ణి ఇంకా దాస్తూనే ఉంది.